ఓడ ఎక్కక మునుపటి విడిది



అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే ఊరు ఉన్నది. ఆ పేరు మీలో చాలామందికి కొత్త కాదు. గుంటూరు, విజయవాడ, హైదరాబాదు, వరంగల్లు మొదలైన పట్టణాలలోనే కాక, చిన్న చిన్న గ్రామాలలో సైతం, కొడుకునో కూతురినో మనుమరాలినో ఆ ప్రాంతానికి సాగనంపిన కుటుంబాలు అనేకం కలవు. ఆ ఎడిసన్‌కూ, దాని పొరుగున ఉన్న పిస్కాటవేకూ చెందిన నేలమీద, నేడు ఒక విశ్వవిద్యాలయపు తరగతి గదులూ వసతిగృహాలూ వెలసిన తావుననే, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంవారు ఒక మహాశిబిరాన్ని నెలకొల్పారు. దాని పేరు క్యాంపు కిల్మర్.

అక్కడ యుద్ధం జరగలేదు. సైనికులకు యుద్ధవిద్య నేర్పే చోటు కూడా అది కాదు. విద్య నేర్చినవారు వేరొక చోటినుంచి వచ్చేవారు. పోరాడవలసినది సముద్రానికి ఆవలి ఒడ్డున. నడుమ వారిని నాలుగు దినాలో పది దినాలో ఉంచుకొని ఓడ ఎక్కించి పంపడం, యుద్ధం ముగిసిన పిమ్మట తిరిగి వచ్చినవారిని దింపుకొని ఇళ్ళదారి పట్టించడం, ఇంతే ఆ శిబిరం చేసిన పని. పోయినవారినీ వచ్చినవారినీ కలిపి చూస్తే, 20 లక్షలకు పైగా సైనికులు దాని గుండా నడిచారు.

పైకి ఇంత స్వల్పంగా తోచే ఈ పనికి 1,500 ఎకరాలకు మించిన నేల ఎందుకు? వెయ్యికి పైబడిన కట్టడాలు ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానమే నేటి నా ప్రసంగం. ఆ సమాధానాన్ని ముందే మనవి చేస్తాను. లోటు ఏదైనా ఉంటే ఒడ్డున ఉండగానే కనిపెట్టాలి. కనిపెట్టిన చోటనే దానిని తీర్చాలి. ఈ రెండు మాటలనూ దయచేసి మనసున ఉంచుకోండి. క్యాంపు కిల్మర్ చరిత్ర యావత్తూ ఈ రెండు మాటల చుట్టూ తిరుగుతుంది.

మన ఇళ్ళలో పెళ్ళి జరిగే తీరును ఒకసారి తలచుకోండి. మగపెళ్ళివారు తరలివస్తారు. వారిని తిన్నగా పందిట్లోకి తీసుకొనిపోము. ముందు విడిది ఇంట దింపుతాము. కాళ్ళకు నీళ్ళిచ్చి, కాఫీ ఫలహారాలు అందించి, పెద్దవారికి పక్కలు పరిపించిన పిమ్మట, ఆడపెళ్ళివారిలో నేర్పరి అయిన పెద్దమ్మగారెవరో మెల్లగా వెళ్ళి వాకబు చేస్తుంది. సూత్రాలు భద్రంగా ఉన్నాయా? మెట్టెలు తెచ్చారా? పిల్లవాడి తల్లిగారికి ఒంట్లో ఎలా ఉన్నది? మెట్టెలు మరచి వచ్చారనుకోండి. ఆ సంగతి విడిదిలో తెలిస్తే, బజారు తెరిచే ఉంటుంది, ఒక మనిషిని పరుగెత్తించవచ్చు. పీటలమీద తెలిస్తే ఏమి చేయగలం? ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు గదా! మరొక విశేషం గమనించండి. ఆ పెద్దమ్మగారు అడిగేది ఎదుటివారి తప్పు పట్టుకోవడానికి కాదు. లోటు ఉంటే తానే తీర్చడానికి. అందుచేతనే ఆమె అడిగితే ఎవరూ దాచరు.

సైన్యానికి ఓడ బయలుదేరే గడియ అట్టి ముహూర్తమే. దానికి ముందు విడిది కావలసి వచ్చింది.

ఈ సంగతి అమెరికావారికి మొదటి ప్రపంచ యుద్ధంలో అనుభవపూర్వకంగా తెలిసింది. 1917లో వారు ఆ యుద్ధంలో ప్రవేశించినపుడు, దేశం నలుమూలలనుంచి సరకులూ సైనికులూ తూర్పు తీరపు రేవుల మీదికి ఒక్కమారుగా విరుచుకుపడగా, రేవులు ఇరుకైపోయి, దింపే దిక్కులేని రైలుపెట్టెలు పట్టాలమీద బారులు తీరి నిలిచిపోయాయి. రైలు వేయి మైళ్ళు నడిచి వస్తుంది. దారిలో ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో గంటల లెక్కన చెప్పలేము. ఓడ రేవులో నిలిచిన ప్రతి గంటా నష్టమే. రైలు కోసం ఓడ ఆగితే ఓడకు నష్టం. ఓడ కోసం సైనికుడు రేవులో చలిలో నిలిస్తే సైనికుడికి నష్టం. ఈ రెండింటి నడుమ, రేవుకు దగ్గరలో, అయినను రేవు ఇరుకుకు ఎడంగా, మనుషులు నిలిచి కుదుటపడే చోటు ఒకటి ఉండాలి. ఆ ఉద్దేశంతోనే ఆనాడు న్యూజెర్సీలో క్యాంపు మెరిట్ అనే శిబిరాన్ని కట్టారు.

అయితే 1918వ సంవత్సరం మరొక పాఠం కూడా నేర్పింది. అది కఠినమైన పాఠం. ఆ ఏడు విషజ్వరం లోకమంతటా ప్రబలింది. సెప్టెంబరు 29వ తేదీన, హోబోకెన్ రేవునుంచి లెవయథన్ అనే పెద్ద ఓడ ఫ్రాన్సుకు బయలుదేరింది. దానిని ఎక్కవలసిన దళాలలో ఒకటి క్యాంపు మెరిట్ నుంచి రేవుకు నడిచి వస్తూ ఉండగానే, కొందరు సైనికులు జ్వరంతో దారిలో కూలబడ్డారు. జబ్బు పైకి కనిపించిన కొందరిని ఓడనుంచి దింపివేశారు కూడా. కాని జబ్బు పైకి కనిపించనివారు ఓడలో ఉండిపోయారు. కిక్కిరిసిన ఆ ఓడలో, గాలి ఆడని అరలలో, సుమారు 2,000 మంది మంచాన పడ్డారు. ఫ్రాన్సు తీరం చేరేలోగా పదులకొద్దీ యువకులు ప్రాణాలు విడిచారు. సముద్ర మధ్యంలో వారికి కొత్త ఆసుపత్రి ఎక్కడినుంచి వస్తుంది? మరికొందరు వైద్యులు ఎక్కడినుంచి వస్తారు? లోటు ఒడ్డున ఉండగానే కనిపెట్టకపోతే ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో చెప్పడానికి, శ్రోతలారా, ఇంతకంటె విషాదకరమైన నిదర్శనం నాకు తెలియదు.

ఇరవైమూడేళ్ళు గడిచాయి. 1941 డిసెంబరులో అమెరికా తిరిగి మహాయుద్ధంలో అడుగుపెట్టింది. ఈసారి అట్లాంటిక్ సముద్రంలో జర్మన్ జలాంతర్గాములు ఓడలను వరుసగా ముంచుతున్న కాలం. ఓడలు గుంపులుగా, యుద్ధనౌకల కాపలాలో, నిర్ణీతమైన వేళకు బయలుదేరాలి. ఒక్క ఓడ ఆలస్యమైతే గుంపు గుంపుకే ప్రమాదం. కనుక ఓడ సిద్ధమయ్యేసరికి, ఎక్కవలసిన వారంతా సర్వసన్నద్ధులై పిలుపు దూరంలో ఉండి తీరాలి. న్యూయార్కు రేవు అధికారులు ఇందుకై నగరానికి ఉత్తరాన క్యాంపు షాంక్స్ అనే శిబిరాన్నీ, నైరుతి దిక్కున క్యాంపు కిల్మర్‌నూ ఏర్పాటు చేశారు. కిల్మర్ నిర్మాణం 1942 తొలి నెలలలో సాగింది. జూన్ నెలలో శిబిరం పని ప్రారంభించింది. ఆ స్థలాన్ని ఎన్నుకొనడానికి కారణం స్పష్టమే. రేవు సుమారు 30 మైళ్ళ లోపున ఉన్నది. పెన్సిల్వేనియా రైలుమార్గమూ, లీహై వ్యాలీ రైలుమార్గమూ చెంతనే పోతున్నవి. అప్పటికి ఎడిసన్ అనే పేరు ఆ ఊరికి లేదు. రారిటన్ టౌన్‌షిప్ అని పిలిచేవారు. విద్యుద్దీపాన్ని వెలిగించిన థామస్ ఎడిసన్ ప్రయోగశాల ఒకప్పుడు అక్కడ ఉండినందున, 1954లో ఆయన పేరు పెట్టుకున్నారు.

శిబిరానికి పెట్టిన పేరు ఒక కవిది. జాయిస్ కిల్మర్ 1886లో, ఆ పక్కనే ఉన్న న్యూ బ్రన్స్‌విక్ పట్టణంలో జన్మించాడు. చెట్లను గురించి వ్రాసిన చిన్న పద్యంతో దేశమంతటా పేరు పొందాడు. మొదటి యుద్ధంలో సైన్యంలో చేరి, సార్జెంటు హోదాలో, 1918 జూలై 30వ తేదీన ఫ్రాన్సు దేశపు యుద్ధభూమిలో గుండు తగిలి మరణించాడు. అప్పటికి అతనికి 31 ఏళ్ళు. యుద్ధానికి పోయేవారు దాటవలసిన చివరి వాకిలికి, యుద్ధానికి పోయి తిరిగిరాని ఊరిబిడ్డ పేరు పెట్టడంలో ఎంతో గాంభీర్యమున్నదని నాకు తోస్తుంది. అక్కడినుంచి బయలుదేరే ప్రతి యువకుడి ప్రాణమూ వెలకట్టలేనిదని ఆ పేరు అధికారులకు గుర్తు చేస్తూ ఉండవలసినది.

ఇక ఆ శిబిరంలో జరిగిన పనిని కొంచెం నిదానంగా చూద్దాము.

రైలు వస్తుంది. సైనికులు దిగుతారు. కొందరు టెక్సాసునుంచి, కొందరు కాలిఫోర్నియానుంచి, రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చినవారు. కొయ్యతో కట్టిన బ్యారక్కులలో వారికి చోటు చూపుతారు. వేడి భోజనం పెడతారు. ఆ తరువాత తనిఖీ మొదలవుతుంది. ప్రతి సైనికుడూ తన సంచి విప్పి, అందులోని సమస్త సరంజామానూ పక్కమీద పరచాలి. అధికారి జాబితా చేతపట్టుకొని ఒక్కొక్క వస్తువూ చూస్తాడు. బూట్లు ఉన్నాయా? వాటి అట్టలు అరిగాయా? ఉన్ని కోటు ఉన్నదా? విషవాయువునుంచి కాపాడే ముఖకవచం ముఖానికి సరిగా అమరుతున్నదా? కళ్ళద్దాలు పెట్టుకొనేవాడయితే రెండో జత ఉన్నదా?

లేదనుకోండి. అప్పుడు ఏమి జరిగేది? ఇదీ అసలు విషయం. వ్రాసుకొని, మందలించి, శిక్షణ శిబిరానికి తిప్పిపంపడం కాదు. శిబిరంలోనే బ్రహ్మాండమైన గిడ్డంగులు ఉన్నవి. అరిగిన బూటు అక్కడ ఇచ్చివేయాలి, కొత్త బూటు తీసుకోవాలి. చినిగిన చొక్కా ఇవ్వాలి, మంచి చొక్కా తీసుకోవాలి. పళ్ళు నొప్పి అంటే దంతవైద్యుడు అక్కడే ఉన్నాడు. టీకా వేయించుకోలేదంటే సూది అక్కడే సిద్ధంగా ఉన్నది. జ్వరం తగిలితే ఆసుపత్రి ఆ ప్రాంగణంలోనే ఉన్నది. అతని స్థానంలో వేరొకరు ఓడ ఎక్కుతారు. అతడు కోలుకొని మరొక ఓడలో పోతాడు. తనిఖీ చేసే బల్ల పక్కనే సరకుల కొట్టు. లోటు ఒడ్డున ఉండగానే కనిపెట్టాలి, కనిపెట్టిన చోటనే తీర్చాలి అని నేను అన్నది ఇందుకే.

శరీరానికి, సరంజామాకు సంబంధించిన లోట్లు ఇవి. మనిషికి వెనుక ఇల్లు ఒకటి ఉంటుంది గదా! పందొమ్మిది ఇరవై ఏళ్ళ యువకుడు, తాను తిరిగి వస్తాడో రాడో తెలియని ప్రయాణానికి సిద్ధమవుతున్నాడు. కనుక అక్కడ వీలునామా వ్రాయించే గుమాస్తాలు ఉండేవారు. జీతంలో ఎంత భాగం తల్లికి చేరాలి, ఎంత భార్యకు చేరాలి అని కాగితం పూర్తి చేయించేవారు. జీవితబీమా ఎవరి పేర వ్రాయాలో అడిగేవారు. గుమాస్తా చేసే పని గుమాస్తా పనిగానే కనిపిస్తుంది. కాని ఆ కాగితం సరిగా లేకపోతే, ఎక్కడో ఒక పల్లెలో ఒక తల్లికి నెలనెలా అందవలసిన డబ్బు అందదు. యుద్ధభూమిలోని సైనికుడు దానిని దిద్దలేడు. అదీ ఒడ్డున ఉండగానే తీరవలసిన లోటే.

పిమ్మట సముద్రయానానికి శిక్షణ. ఓడ మునిగితే ఎలా దిగాలి? ఇట్టి శిబిరాలలో ఓడ పక్కభాగం వలె ఎత్తయిన కొయ్య గోడ కట్టి, దానిపైనుంచి తాళ్ళవల వేలాడదీసేవారు. భుజాన బరువుతో సైనికులు ఆ వల పట్టుకొని దిగడం అభ్యసించేవారు. అనంతరం గోప్యం. దళం పేరు తెలిపే భుజకీర్తులను విప్పించేవారు. ఉత్తరాలను అధికారులు చదివి, స్థలమూ కాలమూ తెలిపే మాటలుంటే కత్తిరించి పంపేవారు. ఒక్క మాట శత్రువుకు చేరితే జలాంతర్గామి దారి కాచి ఉంటుంది.

మొదటి రోజులలో సెలవు చీటీ దొరికేది. చీటీ దొరికినవారు రైలెక్కి న్యూయార్కు నగరం చూసి వచ్చేవారు. పొలాలలో పుట్టి పెరిగిన ఎందరికో మహానగర దర్శనం అదే మొదటిసారి. అంతలో ఒక దినం హెచ్చరిక వస్తుంది. హెచ్చరిక వచ్చిందంటే సెలవు చీటీలు రద్దు. ఇంటికి టెలిఫోను లేదు. శిబిరం గేటు దాటరాదు. ప్రతివాడి ఉక్కుటోపీ మీద సుద్దముక్కతో ఒక అంకె వేస్తారు. రైలులో ఏ పెట్టె, ఎన్నవ స్థానం అన్నది ఆ అంకె చెబుతుంది. రైలు జెర్సీ సిటీ చేరుతుంది. అక్కడ పడవ ఎక్కి హడ్సన్ నది దాటుతారు. రేవులో రెడ్‌క్రాస్ మహిళలు కాఫీ, తీపి రొట్టెలు అందిస్తారు. ఓడ మెట్ల దగ్గర అధికారి ఇంటిపేరు పిలుస్తాడు. సైనికుడు తన పేరు పలికి ఓడలోకి నడుస్తాడు. పిలవడం, పలకడం, నడవడం. ఈ తీరున క్వీన్ మేరీ అనే ఓడ ఒక్కటే, 1943 జూలైలో, ఒకే ప్రయాణంలో 16,683 మందిని మోసుకొనిపోయింది. యుద్ధకాలమంతటిలో న్యూయార్కు రేవునుంచి సాగిపోయిన సైనికులు 30 లక్షలకు పైబడినారు. ఇంత ప్రవాహం ఎక్కడా తెగకుండా, పొంగి పొర్లకుండా పోయిందంటే, దానికి ముందున్న శిబిరాలు చెరువులవలె దానిని పట్టి నిలిపి, వలసినపుడు వలసినంత విడిచినందువల్లనే.

ఈ ప్రశంస ఎంత సత్యమో, దీనికి రెండవ పక్షమూ అంత సత్యమే. దానిని చెప్పకపోతే నేను చరిత్రకు ద్రోహం చేసినవాడనవుతాను. ఆ తనిఖీ బల్లల మీద లెక్కకు రాని లోట్లు కొన్ని ఉన్నవి. ఆనాటి అమెరికా సైన్యంలో నల్లజాతి సైనికులను వేరు దళాలుగా, వేరు బ్యారక్కులలో ఉంచేవారు. వారికి బూటు లోటుంటే బూటు ఇచ్చారు. సమానత్వపు లోటును ఏ గిడ్డంగీ తీర్చలేదు. 1948 జూలైలో అధ్యక్షుడు ట్రూమన్ ఆజ్ఞ జారీ చేసేవరకు ఆ వేర్పాటు సైన్యంలో ప్రభుత్వ విధానంగానే సాగింది. 1943 ఆగస్టులో, జపాను సంతతికి చెందిన అమెరికన్ యువకులతో కూడిన 100వ పదాతి పటాలం క్యాంపు కిల్మర్ నుంచి సాగిపోయి, న్యూయార్కు రేవులో ఓడ ఎక్కి, ఇటలీ యుద్ధభూమిలో అసామాన్యమైన శౌర్యం చూపింది. ఆ సమయాననే, అదే సంతతికి చెందిన వేలాది కుటుంబాలను, వృద్ధులనూ పసిపిల్లలనూ సైతం, అమెరికా ప్రభుత్వమే ముళ్ళకంచెల వెనుక నిర్బంధించి ఉంచింది. క్యాంపు షాంక్స్ కట్టిన చోట తరతరాలుగా తోటలు పెంచుకుంటున్న కుటుంబాలు, ప్రభుత్వ ఉత్తరువు అందగానే కొద్ది దినాలలో ఇల్లు విడిచిపోవలసి వచ్చింది. యుద్ధం గెలిచినవారి చరిత్రలో వీరి కష్టం కూడా ఒక భాగమని మనం మరువరాదు.

అయినను ఆ మనుషుల మహత్త్వం చూడండి. 1945 ఫిబ్రవరిలో, మేజర్ చారిటీ ఆడమ్స్ నాయకత్వాన, నల్లజాతి మహిళల తపాలా దళం క్యాంపు షాంక్స్ గుండా ఐరోపాకు తరలింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ గిడ్డంగులలో సైనికుల ఉత్తరాలు కొండలుగా పేరుకొని ఉన్నవి. ఆ స్త్రీలు పగలూ రాత్రీ వంతులవారీగా పనిచేసి, ఒక్కొక్క ఉత్తరానికీ గమ్యం కనిపెట్టి, చేరవేశారు. తమకు లోటు చేసిన సైన్యానికి వారు లోటు తీర్చారు.

1945 మేలో ఐరోపాలో యుద్ధం ముగిసింది. ప్రవాహం తిరుగుముఖం పట్టింది. అదే క్యాంపు కిల్మర్ ఇప్పుడు స్వాగత మందిరమయింది. ఓడ దిగి వచ్చినవానికి మంచి విందు భోజనం. ఇంటికి టెలిఫోను చేసుకొనే వీలు. శుభ్రమైన దుస్తులు. వైద్యపరీక్ష. ఆపై అతని స్వరాష్ట్రం ఏది అని చూసి, ఆ దిక్కుకు పోయే రైలు. ఎవరినీ ఎక్కువ దినాలు ఆపరాదని వారి నియమం. ఇల్లు చూడాలని ఏళ్ళ తరబడి వేచినవానికి, ఇంటికి దగ్గర పడిన పిమ్మట ఆలస్యం భరించరానిది.

ఈ సందర్భాన మన దేశంలోని ఒక శిబిరాన్ని జ్ఞాపకం చేస్తాను. నాసిక్ దగ్గర దేవలాలి ఉన్నది. బొంబాయి నుంచి స్వదేశానికి పోయే బ్రిటిషు సిపాయీలకు పందొమ్మిదో శతాబ్దం నుంచీ అది విడిది. ఓడలు చలికాలపు నెలలలోనే నడిచే ఆ రోజులలో, ముందుగా కొలువు ముగిసినవారు నెలల తరబడి అక్కడ ఊరక కూర్చోవలసి వచ్చేది. ఎండ, దోమలు, జ్వరాలు, చేయడానికి పనిలేకపోవడం, వీటివల్ల అనేకులు మనోవ్యాధికి గురి అయినారు. విడిది అనగానే మేలు జరుగుతుందనుకోరాదు. విడిదిలో లోటు తీర్చే పని జరగాలి. ఆ పని లేనపుడు అది చెరసాలకు దగ్గరవుతుంది.

ఇక క్యాంపు కిల్మర్ చరిత్రలో అత్యంత హృద్యమైన ఘట్టానికి వస్తాను. 1956 అక్టోబరులో హంగరీ దేశప్రజలు సోవియట్ ఆధిపత్యంపై తిరుగుబాటు చేశారు. నవంబరు మొదటి వారంలో సోవియట్ టాంకులు బుడాపెస్ట్ నగరంపైకి వచ్చి ఆ తిరుగుబాటును అణచివేశాయి. సుమారు రెండు లక్షల మంది, ఎక్కువగా ఆస్ట్రియా సరిహద్దు దాటి, పరదేశాలకు పారిపోయారు. అమెరికాకు వచ్చేవారిని ఎక్కడ దింపాలి? సైన్యంవారు అంతకు ముందు ఏడాదే మూసివేసిన క్యాంపు కిల్మర్‌ను మళ్ళీ తెరిచారు. నవంబరు 21వ తేదీన మొదటి విమానం న్యూజెర్సీలో దిగింది. ఆనాటి నుంచి 1957 వసంతం వరకు, 30,000కు పైగా హంగరీ శరణార్థులు ఆ బ్యారక్కులలో తలదాచుకున్నారు.

అక్కడ జరిగినది ఏమిటో గమనించండి. సైనికుల కోసం పుట్టిన పద్ధతినే శరణార్థుల కోసం వినియోగించారు. ఒక బల్ల దగ్గర వైద్యుడు. ఒక బల్ల దగ్గర వలసశాఖ అధికారి. ఒక బల్ల దగ్గర ఉద్యోగాల శాఖవారు. పక్కనే దుస్తులు పంచే రెడ్‌క్రాస్. ఆ పక్కన కాథలిక్కు, ప్రొటెస్టెంటు, యూదు మతాల సేవాసంఘాలవారు. శరణార్థి వద్ద ఏమున్నది? వీసా లేదు. భాష రాదు. పూచీ పడే మనిషి లేడు. ఉద్యోగం లేదు. రెండవ చొక్కా లేదు. సాధారణంగా ఇట్టి మనిషిని ఏ కార్యాలయమైనా, పత్రాలు తెచ్చుకో, తరువాత రా అంటుంది. ఆ పత్రాలు ఎక్కడినుంచి తెస్తాడు? ఇల్లే వదలి వచ్చాడు. అందుకని వీసా లేనివారిలో అత్యధికులను పెరోలు అనే తాత్కాలిక అనుమతిపై రానిచ్చారు. 1958లో కాంగ్రెసు చట్టం చేసి, వారు స్థిరనివాసులుగా ఉండే హక్కు కల్పించింది. సేవాసంఘాలవారు పూచీదారులను వెదికారు. ఉద్యోగాల శాఖవారు పని చూపారు. ఆ పొరుగునే న్యూ బ్రన్స్‌విక్‌లో పూర్వంనుంచీ హంగరీవారి పేటలు ఉండడం కొందరికి కలిసివచ్చింది. కనిపెట్టిన చోటనే లోటు తీర్చడమంటే ఇదీ.

అలా వచ్చినవారిలో ఇరవై ఏళ్ళ యువకుడొకడు ఉన్నాడు. 1957 జనవరిలో ఓడ దిగి, క్యాంపు కిల్మర్‌కు వచ్చి, అక్కడినుంచి న్యూయార్కు నగరంలోని బంధువుల ఇల్లు చేరుకొని, ప్రభుత్వ కళాశాలలో చదువుకున్నాడు. అతడే ఆండ్రూ గ్రోవ్. తరువాతి కాలంలో ఇంటెల్ సంస్థకు అధినేత అయినాడు. ఈనాడు మన పిల్లలు జీవనోపాధిగా ఎంచుకున్న కంప్యూటర్ల పరిశ్రమను తీర్చిదిద్దిన ప్రముఖులలో ఆయన ఒకడు. 30,000 మందిలో అందరూ అంతవారు కాలేదు. కావలసిన అవసరమూ లేదు. కమ్మరి కమ్మరిగా, దర్జీ దర్జీగా, గౌరవంగా బ్రతికినా ఆ శిబిరం సార్థకమే.

తదనంతరం ఆ నేల క్రమంగా చేతులు మారింది. 1965లో ఒక భాగంలో, చదువు మధ్యలో మానివేసిన పేద యువకులకు వృత్తివిద్య నేర్పే జాబ్ కోర్ కేంద్రం వచ్చింది. 1969లో మరొక భాగంలో, రట్గర్స్ విశ్వవిద్యాలయంవారి లివింగ్‌స్టన్ కళాశాల ప్రారంభమయింది. చివరకు మిగిలిన సైనిక కార్యాలయం 2009లో మూతపడింది.

శ్రోతలారా, ఈ చరిత్రనుంచి మనం నిత్యజీవితానికి తెచ్చుకోదగినది ఒక్కటే. దానినే మూడవసారి చెబుతున్నాను. లోటు ఒడ్డున ఉండగానే కనిపెట్టాలి. కనిపెట్టిన చోటనే తీర్చాలి. మొదటి మాట మనకు తెలుసు. రెండవ మాటను మనం తరచుగా మరుస్తాము. మన కార్యాలయాలలో లోటు చూపేవారికి కొదువ లేదు. ఈ కాగితం లేదు, ఆ సంతకం లేదు, రేపు రండి అనేవారు ఉన్నారు. నలభై మైళ్ళు బస్సులో వచ్చిన వృద్ధురాలిని ఒక్క ఫోటో కాపీ కోసం తిప్పిపంపితే, ఆ తనిఖీ సక్రమమే కావచ్చు, కాని దానివల్ల ఎవరికి ఏమి ఒరిగింది? ఆ బల్ల పక్కన కాపీ తీసే యంత్రం ఒకటి ఉంచితే, అర్జీ వ్రాసిపెట్టే మనిషి ఒకడు ఉంటే, ఆమె పని ఆ పూటే పూర్తవుతుంది.

పిల్లలను విదేశాలకు పంపే తల్లిదండ్రులకూ ఇదే నా మనవి. ప్రయాణానికి పది దినాల ముందే ఒకనాడు, పెట్టె పూర్తిగా విప్పి పరచండి. పత్రాలూ, మందులూ, కళ్ళద్దాలూ, చలికోటూ చూడండి. లేనిదానిని ఆనాడే తెచ్చి పెట్టండి. పిల్లవాడి మనసులో ఏదైనా బెంగ ఉంటే దానినీ ఆనాడే, కోపపడకుండా, అడిగి తెలుసుకోండి. తుపాను వచ్చినపుడు తీరప్రాంతాలలో సహాయశిబిరాలు నడిపే ఉద్యోగులకూ, పుష్కరాలలో లక్షలాది యాత్రికుల బాధ్యత వహించేవారికీ ఇదే నా మనవి. పేరు వ్రాసుకొనే బల్లకు ఆనుకొని మందుల బల్ల ఉండాలి, దాని పక్కన బట్టల బల్ల ఉండాలి. ఆపదలో ఉన్న మనిషి ఒక్క దారిన నడిచి, చివరకు చేరేసరికి, అతని లోట్లన్నీ తీరి ఉండాలి.

లోటు అడిగి తెలుసుకొనే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో, దానిని తీర్చే సాధనమూ వారి చేతిలో పెట్టండి. అపుడు తనిఖీ అంటే జనం భయపడరు. వారే ముందుకు వచ్చి తమ లోటు చెప్పుకుంటారు.